గిడుగు రామమూర్తి: సవరల మాట వినడానికి వెళ్లి వినికిడే పోగొట్టుకున్న పంతులుగారు

విశాఖలో పొద్దున్నే అరకు రైలెక్కితే సగం మంది చెవుల్లో ఇయర్ బడ్స్ కనిపిస్తాయి. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. సొరంగం వెనక సొరంగం. లోపలికి వెళ్లగానే చక్రాల మోత రెట్టింపవుతుంది. ఏ బడ్స్ మంచివో తేలేది అక్కడే. చెవికి సరిపడే సిలికాన్ టిప్ ఉంటే పక్క సీటు మాటలు, కీచు శబ్దాలు తగ్గుతాయి. రైలు గుయ్యిమనే మోతను మాత్రం నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవే బాగా తగ్గిస్తాయి. రెండూ లేకపోతే ఏం చేస్తాం? సౌండ్ పెంచేస్తాం. అసలు ప్రమాదం అదే. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైం సగానికి సగం పడిపోతుంది. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

ఇదే తూర్పు కనుమల్లో, అరకుకు ఈశాన్యంగా ఉన్న పర్లాకిమిడి కొండల్లో, వందేళ్ల క్రితం ఒక స్కూలు మాస్టారు వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన చెవిని దెబ్బతీసింది మోత కాదు, మందు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి. ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే.

శ్రీకాకుళం ప్రాంతంలో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టారు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. రామమూర్తికి పన్నెండేళ్లప్పుడే ఆయన పోయారు. విజయనగరంలో మహారాజా వారి స్కూల్లో చదువు. క్లాస్‌మేట్ ఎవరో తెలుసా? గురజాడ అప్పారావు. పై చదువులకు డబ్బుల్లేక 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో నెలకు 30 రూపాయల జీతానికి టీచర్‌గా చేరారు.

ఆ ఊరి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల మాట కింది ఊళ్లవాళ్లకు తెలీదు, నేర్చుకుందామంటే పుస్తకం లేదు, అసలు లిపే లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, వినడం. రామమూర్తి సవర తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. తర్వాత కొండలెక్కి ఊళ్లు తిరిగారు.

ఇది అంత తేలిక పనేం కాదు. సవర తెలుగుకు చుట్టం కాదు. అది ముండా కుటుంబం భాష. అరకు వైపు గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ కూడా ఆ కుటుంబానిదే. సవరలో గొంతు దగ్గర గాలిని ఒక్క క్షణం బిగబట్టి వదిలే శబ్దం ఒకటుంది. తెలుగులో దానికి అక్షరం లేదు. అలవాటు లేని చెవికి అది శబ్దంలా కూడా అనిపించదు, మధ్యలో చిన్న ఖాళీలా ఉంటుంది. ఆ ఖాళీని కూడా పట్టుకోవాలంటే ఎంత శ్రద్ధగా వినాలో ఆలోచించండి.

అప్పట్లో ఆ అడవులంటే మలేరియా. జ్వరం ఆయన్నీ పట్టుకుంది. దానికి ఉన్న మందు క్వినైన్. మోతాదు పెరిగితే చెవుల్లో హోరు, ఆపైన చెవుడు. కొందరికి మందు ఆపగానే తగ్గిపోతుంది. రామమూర్తికి తగ్గలేదు, వినికిడి శాశ్వతంగా దెబ్బతింది.

అయినా పని ఆపలేదు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని సొంత డబ్బుతో స్కూళ్లు పెట్టారు, టీచర్లకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి బహుమానంగా డబ్బు ఇస్తామంటే, దాంతో స్కూలు నడపమని అడిగారు. 1913లో రావ్ బహదూర్ బిరుదు వచ్చింది.

ఎక్కువమందికి తెలిసిన గిడుగు వేరు. పుస్తకాల్లో తెలుగు జనం మాట్లాడే తెలుగులా ఉండాలని పోరాడిన గిడుగు. 1906 తర్వాత స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ యేట్స్, విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడలతో కలిసి ఆ ఉద్యమం మొదలుపెట్టారు. జయంతి రామయ్య పంతులు లాంటి పండితులు గట్టిగా ఎదిరించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక కూడా నడిపారు. ఆ రెండు పనులూ వేరువేరని నాకైతే అనిపించదు. లిపి లేని భాషను నోటి నుంచి రాసుకున్న మనిషికి, నోట్లో ఉన్న తెలుగును తప్పంటే ఎలా ఒప్పుతుంది?

సవర వ్యాకరణం మీద పుస్తకం 1931లో అచ్చయింది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో కలుస్తుంటే, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. అదే ఏడాది అటు సవరల్లోంచే మంగేయి గమాంగో తమ భాషకు సొంత లిపి తయారుచేశారు. రామమూర్తి సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన పోయిన అరవై ఏళ్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకు మాతృభాషలో వాచకాలు తెచ్చింది. తెలుగు లిపిలో వేసిన ఆ పుస్తకాల్లో సవరది ఒకటి. అరకు వైపు వినిపించే ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాషలవి కూడా ఉన్నాయి.