శ్రీ వరాహగిరి వేంకటగిరిగారి సింహళ రాయబారము

రాయబారమన్న మాట వినగానే మన పల్లెలలోని పెద్దలకు, నాటకరంగముపై శ్రీకృష్ణుడు కౌరవసభలో నిలిచి పద్యము చదువు ఘట్టము జ్ఞప్తికి వచ్చును. అయిదూళ్లైన నిమ్మని అడుగబోయిన ఆ మహానుభావుడును వట్టిచేతులతోనే మరలివచ్చెను. స్వతంత్ర భారతదేశము పక్షమున సింహళమునకు మొదటి హైకమిషనరుగా వెళ్లిన తెలుగువారు శ్రీ వరాహగిరి వేంకటగిరిగారి కథయు కొంత యట్టిదే. కామన్వెల్తు దేశములు తమలో తాము పంపుకొను రాయబారికి హైకమిషనరని పేరు. గిరిగారు రాష్ట్రపతిగా నుండిరని విద్యార్థులెల్లరును ఎరుగుదురు గాని, 1947 మొదలు 1951 వరకు కొలంబోలో వారు గడపిన కాలమును తలచువారు అరుదు.

వీరు 1894 ఆగస్టు 10వ తేదీన గంజాము జిల్లా బరంపురమున జన్మించిరి. ఆ యూరు అప్పుడు మదరాసు రాజధానిలోనిది, ఇప్పుడు ఒడిశాలోనిది. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. గిరిగారు 1913లో న్యాయశాస్త్రాభ్యాసమునకై ఐర్లండులోని డబ్లిను నగరమునకు వెళ్లి, అచ్చటి స్వాతంత్ర్యోద్యమమును కన్నులార చూచి, 1916 నాటి తిరుగుబాటు పిమ్మట ఆ దేశమును విడువవలసినవారైరి. సహాయనిరాకరణోద్యమమున వకీలు వృత్తిని విడిచి, రైల్వే కార్మికులను కూడగట్టుటకు పూనుకొనిరి. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1937 ఎన్నికలలో నాటి మదరాసు ప్రధానమంత్రియైన బొబ్బిలి రాజావారిని బొబ్బిలిలోనే ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మికశాఖను వహించిరి.

ఇట్టివారిని కొలంబోకు పంపుట తగిన యెంపికయే యని నా తలంపు. ఏలయన, సింహళపు కొండలమీది తోటలలో లక్షలకొలది భారతీయ కూలీలుండిరి. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు మొదట కాఫీ తోటలకును, కాఫీకి తెగులు పట్టిన పిదప తేయాకు తోటలకును తమిళ జిల్లాలనుండి వీరిని తరలించిరి. కంగాణీ యనబడు మేస్త్రీ ముందుగా కొంత సొమ్మిచ్చి కుటుంబములను వెంటబెట్టుకొనిపోవును. ఆ అప్పు తీరుట గగనము. రంగూనుకు ఓడలెక్కిన తెలుగు కూలీల సీమయే గిరిగారి జన్మభూమి గనుక, ఇట్టి వలసల బాధ వారికి క్రొత్త గాదు.

1948 ఫిబ్రవరి 4వ తేదీన సింహళము స్వతంత్రమాయెను. ఆ సంవత్సరమే సేనానాయకగారి ప్రభుత్వము పౌరసత్వ చట్టము చేసెను. దాని ప్రకారము తాను ఆ దీవిలో పుట్టిన చాలదు. తండ్రియైనను, లేదా తాతయు ముత్తాతయునైనను అచ్చటనే పుట్టినట్లు చూపవలెను. తోటకూలీ యింట జనన పత్రమెక్కడిది? 1949లో వచ్చిన మరియొక చట్టము, వివాహితులు ఏడేండ్లు, అవివాహితులు పదేండ్లు ఎడతెగక నివసించినట్లు ఋజువు చూపి, రెండేండ్లలోగా దరఖాస్తు పెట్టుకొనవచ్చుననెను. ఆ యేటనే వారి ఓటుహక్కును పోయెను. 1947లో తమ ప్రతినిధులను పార్లమెంటునకు పంపిన జనము, రెండేండ్లు తిరుగకముందే ఏ దేశమునకును చెందనివారైరి.

దీని బరువు మన బూర్గంపాడువారికి కొంత తెలియును. ఒకప్పుడు ఈ యొడ్డు నిజాము రాజ్యము, గోదావరికి ఆవలనున్న భద్రాచలము మదరాసు రాజధాని. 2014లోను మన మండలమునందలి కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. అయినను గీత మారినందున ఎవరి ఓటును పోలేదు.

గిరిగారి చిక్కు ఎట్టిదో చూడుడు. ఈ కూలీలు మావారని రాయబారి పలికెనా, అట్లయిన మీరే తీసికొనిపొండని సింహళము వారందురు. వీరు మీవారే యనెనా, అట్లయిన మీకేల యీ ప్రసంగమని అడుగుదురు. నెహ్రూగారి ప్రభుత్వము రెండవ మాటనే గట్టిగా పట్టెను. జీవితమెల్ల కార్మికుల నడుమ నిలిచి సమ్మెలు నడపిన గిరిగారు, పరదేశమున రాయబారియై యుండి సమ్మె చేయింపరాదు, సభ పెట్టి నిందింపరాదు. ప్రభుత్వముతో ప్రభుత్వము మాటలాడు మార్గమొక్కటియే వారికి మిగిలెను. ఆ మార్గమున ఫలము దక్కలేదు. 1951 ఆగస్టునాటికి గడువు ముగియునప్పటికి సుమారు ఎనిమిది లక్షల మంది పక్షమున దరఖాస్తులు చేరగా, కాలక్రమమున ఆరవవంతు మందికి మాత్రమే పౌరసత్వము లభించెను.

స్వదేశమునకు వచ్చిన పిదప 1952లో పాతపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రియైరి. బ్యాంకు ఉద్యోగుల జీతములపై వచ్చిన తీర్పును ప్రభుత్వము తగ్గించినందున 1954లో ఆ పదవిని విడిచిరి. రాయబారికి లేని స్వేచ్ఛ మంత్రికి కలదు గదా! 1957లో పార్వతీపురమున డిప్పల సూరిదొర యను గిరిజన అభ్యర్థి చేతిలో ఓడిరి. గిరిజనునకు సాధారణ స్థానమెట్లు దక్కునని సుప్రీముకోర్టు దాక పోరాడిరి గాని, 1959లో అచ్చటను ఓటమియే కలిగెను. మన యేజన్సీ విద్యార్థులు ఆ తీర్పును తెలిసికొనదగును. పిమ్మట మూడు రాష్ట్రములకు గవర్నరుగాను, ఉపరాష్ట్రపతిగాను ఉండి, 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, మరియొక తెలుగు ప్రముఖుడైన నీలం సంజీవరెడ్డిగారిని స్వల్ప ఆధిక్యముతో గెలిచి రాష్ట్రపతియైరి.

తోటకూలీల వ్యవహారము వారిని రాష్ట్రపతి భవనమువరకు వెంబడించెను. 1964లో శాస్త్రి, సిరిమావో గార్ల ఒడంబడిక 5,25,000 మందిని భారతదేశమునకును, 3,00,000 మందిని సింహళమునకును పంచగా, మిగిలిన 1,50,000 మందిని చెరిసగముగా పంచిన ఒప్పందము 1974లో జరిగెను. అప్పుడు రాష్ట్రపతి గిరిగారే. 1975లో భారతరత్న బిరుదము పొంది, 1980 జూన్ 24వ తేదీన మదరాసులో దివంగతులైరి. పౌరసత్వము లేక మిగిలిన తోటవారికి శ్రీలంక పార్లమెంటు 2003లో చట్టము చేసి పౌరసత్వమిచ్చెను.