పుస్తకాల చిరునామా చెప్పిన లెక్కల మాస్టారు

పిల్లలూ, లైబ్రరీ పుస్తకం వీపు మీద అంటించిన నంబరు ఎప్పుడైనా చదివారా? అది ఆ పుస్తకం చిరునామా. మన దేశంలో ఈ చిరునామాల కోసం జీవితమంతా పాటుపడినవారు ఎస్.ఆర్. రంగనాథన్ గారు.

ఆయన 1892లో తంజావూరు జిల్లా శీర్కాళిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరారు. కొద్ది రోజులకే విసుగొచ్చి, మళ్లీ పాఠాలే చెప్పుకుంటానన్నారు! ముందు లండన్ వెళ్లి చూసి రమ్మన్నారు పెద్దలు. అక్కడి లైబ్రరీలు జనానికి ఎంత పనికొస్తున్నాయో చూశాక ఆయన మనసు మారింది. తిరిగొచ్చాక, పాఠకులే బీరువాల దగ్గరికెళ్లి పుస్తకం తీసుకునే వీలు కల్పించారు. 1933లో కోలన్ వర్గీకరణ అనే సొంత పద్ధతి ప్రచురించారు. పాఠకుడి సమయం వృథా కాకూడదన్నది ఆయన ఐదు సూత్రాల్లో ఒకటి. 1972లో బెంగళూరులో కన్నుమూశారు. ఏటా ఆగస్టు 12న ఆయన్ను తలుచుకుంటూ లైబ్రేరియన్ల దినం జరుపుతారు.

చాలా లైబ్రరీల్లో డ్యూయీ పద్ధతి ఉంటుంది. అందులో 510 అంటే లెక్కలు, 523 అంటే గ్రహాలు, నక్షత్రాలు. చుక్క తర్వాతి అంకెలు ఒక్కొక్కటిగా చూడాలి. 523.12 ముందు, 523.4 తర్వాత. 12 పెద్దదని అవతల వెతికితే దొరకదు. నంబరు ఒకటే అయితే కింది అక్షరాల వరస చూడండి.

తల్లిదండ్రులూ, ఈ మాట ఇంట్లో చెప్పండి. ఒక్క పుస్తకం తప్పు చోట పెడితే, తర్వాత వచ్చే పిల్లవాడికి అది పోయినట్టే. చోటు తెలియకపోతే బల్ల మీద ఉంచితే చాలు.