డాబాతోట వేధశాలాధిపతి అంకితం వెంకట నరసింగరావుగారు

ఉత్తరాంధ్ర సీమలో అన్నసత్రములచేతను, విద్యాదానముచేతను కీర్తి గడించిన జమీందారులు పెక్కురు కలరు. తమ ధనమును ఆకాశమును కొలుచుటకై వెచ్చించినవారు మాత్రము మిక్కిలి అరుదు. ఆ అరుదైనవారిలో అంకితం వెంకట నరసింగరావుగారు అగ్రగణ్యులు. నేడు ఓడరేవునకును ఉక్కు కర్మాగారమునకును పేరొందిన విశాఖపట్టణమున, ఆ రెండును లేని కాలమున, డాబాతోటలో వారు ఒక నక్షత్ర వేధశాలను 35 ఏండ్లకు పైగా నడపిరి. ఆ తోట పేరు డాబాగార్డెన్స్ అని నేటికిని నిలిచియున్నది. అచటి అంగళ్ల నడుమ తిరుగువారిలో ఆ వేధశాల సంగతి ఎరిగినవారెందరో చెప్పజాలము.

ఈ వేధశాలకు పునాది వేసినవారు నరసింగరావుగారు కారు; వారి మామగారు. గోడే వంశపు జమీందారు గోడే వెంకట జగ్గారావుగారు 1817లో జన్మించిరి. వారికి బాల్యమునుండియు గణితమునందు అభిలాష మెండు. ఆనాడు చెన్నపట్టణమున కంపెనీవారి వేధశాలకు టేలరు అను దొర అధిపతిగా నుండెను. పదునొకండువేలకు పైబడిన నక్షత్రముల స్థానములను నిర్ణయించి 1844లో పట్టికగా ప్రకటించిన మహాశ్రమజీవి ఆయన. జగ్గారావుగారు చెన్నపట్టణమునకు పోయి ఆయనయొద్ద శిష్యరికము చేసిరి. భోగభాగ్యములు గల యువకుడు ఒక ఉద్యోగియొద్ద రాత్రులు మేల్కొని నక్షత్రములు లెక్కించుట ఆనాటివారికి వింతగానే తోచియుండును. మరలివచ్చి 1840లో సొంత వ్యయముతో విశాఖలో వేధశాలను స్థాపించిరి. రేవునకు దక్షిణముననున్న డాల్ఫిన్ నోస్ కొండపై ధ్వజస్తంభమును నిలిపి నావికులకు సంకేతములు అందునట్లు చేసిరి. కాని వారు అల్పాయుష్కులు. 1856లో, నలువది ఏండ్లయినను నిండకుండగనే పరమపదించిరి.

నరసింగరావుగారు 1827లో జన్మించిరి. జగ్గారావుగారి కుమార్తె అచ్చయ్యమ్మగారిని పరిణయమాడిరి. మామగారు గతించునాటికి వారు డిప్యూటీ కలెక్టరు పదవిలో నుండిరి. ఆ దినములలో భారతీయునకు లభింపగల పదవులలో అది మిక్కిలి ఉన్నతమైనది. జిల్లాలో దాని గౌరవమెట్టిదో, దానికై ఎందరు ఎన్నేండ్లు కాచుకొనియుండెడివారో కచేరీ వ్యవహారములు తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి పదవిని నరసింగరావుగారు విడిచిపెట్టిరి. ఎస్టేటు వ్యవహారములు చూచుకొనవలసిన భారము ఒకవైపు, దిక్కులేక మిగిలిన వేధశాల మరియొకవైపు. ఎస్టేటునకు దివానును నియమించుకొనవచ్చును. వేధశాలకు దివాను దొరకడు. యంత్రములు గాజుతోను ఇత్తడితోను చేసినవి. సముద్రపు ఉప్పుగాలికి రెండు వర్షాకాలములు చూచువారు లేకున్నచో అవి కంచరివాని దుకాణమునకు తప్ప మరెందులకును పనికిరావు. కావున ఆ త్యాగమే వేధశాలను బ్రతికించినదని నిస్సంశయముగా చెప్పవచ్చును.

వేధశాలలో నిత్యకృత్యము సంక్రమణ యంత్రముతో జరుగు పని. ఆ దూరదర్శిని అటునిటు తిరుగదు. ఉత్తర దక్షిణములుగా గీచిన యామ్యోత్తర రేఖ వెంబడి మాత్రమే పైకి క్రిందికి కదలును. తెలిసిన నక్షత్రము ఆ రేఖను దాటు క్షణమును గడియారపు టిక్కుటిక్కు వినుచు గుర్తింపవలెను. గ్రంథములలో ఇచ్చిన కాలమునకును గడియారము చూపిన కాలమునకును గల భేదమే గడియారపు దోషము. ఇట్లు దిద్దిన కాలము ఊరికి, ఓడలకు ఆధారము. అప్పటికి విశాఖలో లోపలి రేవు లేదు. అది 1933లో తెరువబడినది. ఓడలు వెలుపలి సముద్రమున లంగరు వేసికొని, తమ గడియారములను ఇచటి కాలముతో సరిచూచుకొనవలసియుండెను. నడిసముద్రమున ఓడ తూర్పు పడమరలలో ఎచటనున్నదో తెలిపెడిది ఆ గడియారమే. విశాఖ అక్షాంశమున కాలములో ఒక్క సెకను పొరపాటు స్థలములో సుమారు 440 మీటర్ల పొరపాటు. చెన్నపట్టణమునకు మనకు స్థానిక కాలమున ఇంచుమించు 12 నిమిషములు, అనగా అరఘడియ భేదము కలదు. పంచాంగము చూచువారికి ఇది తెలిసిన లెక్కయే.

ఇంతవరకు సులభము. చిక్కు అంతయు కొలుచువాడు నిలుకడగా లేకపోవుటలో నున్నది. నదిలో నావపై పోవువానికి ఒడ్డుననున్న చెట్లు వెనుకకు పోవునట్లు తోచునని, అట్లే భూమి తిరుగుటచే నక్షత్రములు పడమటికి పోవునట్లు తోచునని ఆర్యభటుడు 499వ సంవత్సరపు తన గ్రంథముననే సూచించెను. ఆర్యభటుని నావలోనివాడు చూచుట మాత్రమే చేసెను. వేధశాలలోనివాడు నావలో కూర్చుండి కొలువవలెను. వెలుగు తత్‌క్షణమే వచ్చునదైన చిక్కు లేకుండెడిది. అది సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవునే గాని తత్‌క్షణము రాదు. గురుగ్రహపు చంద్రులు గ్రహణము విడుచు వేళలు భూమి దూరమైనప్పుడు ఆలస్యమగుటను బట్టి రోమరు అను డేనిష్ విద్వాంసుడు 1676లో ఈ సంగతి కనుగొనెను. సూర్యుని వెలుగు మనకు చేరుటకు 8 నిమిషముల 19 సెకనులు పట్టును. ఆ లోపల భూమి తన కక్ష్యలో తన వ్యాసముకంటె ఎక్కువ దూరము జరిగిపోవును.

గాలి లేని వానలో నిలిచియున్నవాడు గొడుగును నిటారుగ పట్టును. వడిగ నడచువాడు ముందునకు వంచును. వాన వంగలేదు, నడకయే దానిని వంచినది. భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున సూర్యుని చుట్టు తిరుగుచుండుటచే నక్షత్రపు వెలుగును అట్లే ఓరగా వచ్చినట్లు కనబడును. ఆంగ్లేయ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు బ్రాడ్లే 1728లో దీనిని గ్రహించెను. పాశ్చాత్యులు అబెరేషన్ అనునది ఇదియే. ఆ ఓర ఇరువదిన్నర వికళలు. వికళ యనగా ఒక అంశలో 3600వ భాగము. ఇంత సూక్ష్మమునకేమి విలువ యని అడుగవచ్చును. దానిని లెక్కకు తీసికొననిచో నక్షత్రము రేఖను దాటు కాలమున సెకనుకు పైగా, ఒకానొకప్పుడు ఒకటింబావు సెకనుకును మించి తప్పు వచ్చును. ఓడ స్థానము 600 మీటర్ల వరకు తప్పును. రాతిబండలు గల తీరమున 600 మీటర్లు నావికునకు ప్రాణసంకటము.

ఇక భూమి తనచుట్టు తాను తిరుగుటవలన కలుగు ఓర ఇంకను స్వల్పము. విశాఖలో నిలిచియున్న మనుజుని భూమి సెకనుకు సుమారు 443 మీటర్ల వేగమున తూర్పునకు మోసికొనిపోవుచున్నది. దీనివలన నక్షత్రము ఒక వికళలో మూడు పదవ వంతులు తూర్పునకు జరిగినట్లుండి, రేఖను సెకనులో ఏబదవ వంతు ఆలస్యముగ దాటును. కంటితో చూచి చెవితో విని గుర్తించు పద్ధతిలో పదవ వంతు సెకను నిలుపుటయే గొప్ప. ఏబదవ వంతు నావికునకు నిష్ప్రయోజనము. అయినను జ్యోతిర్గణకులు దానిని వదలరు. ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ వచ్చు తప్పులు సంవత్సరాంతమున ఒకదానినొకటి రద్దు చేసికొనును. ఎల్లప్పుడు ఒకేవైపునకు పోవు తప్పు దమ్మిడీయే యైనను జమాబందీనాటికి పేరుకొనును.

నరసింగరావుగారి జీవితమున మిక్కిలి ముఖ్యమైన దినము 1874 డిసెంబరు 9. ఆ ఉదయమున శుక్రుడు సూర్యబింబముపై నల్లని చుక్కవలె దాటవలసియుండెను. అంతకు పూర్వము ఇట్టిది జరిగినది 1769లో. తరువాతిది 1882లోనే యైనను, అప్పటికి మన దేశమున సూర్యుడస్తమించియుండును. ఆ పిమ్మట ఈ దేశమున కనబడవలసినది 2004లో. అనగా ఆ ఒక్క ఉదయము జారినచో ఆనాడు జీవించియున్న ఏ భారతీయునకును తన ఇంటినుండి ఆ దృశ్యమును కొలుచు అవకాశము మరల లేదు. డిసెంబరు నెలలో మన తీరమున మబ్బు పట్టదని ఎవరును హామీ ఇవ్వజాలరు. నరసింగరావుగారు ఇంగ్లండులోని యార్కు నగరపు కుక్ కంపెనీవారి ఆరంగుళముల దూరదర్శినిని ఆ సంవత్సరముననే తెప్పించిరి. అంతటి వ్యయమును కొన్ని గంటల దృశ్యముపై పెట్టుటకు ధైర్యము కావలెను.

ఆ దృశ్యమువలన ప్రయోజనము సూర్యుని దూరము తెలియుట. భూమిపై వేర్వేరు చోట్లనుండి చూచువారికి శుక్రుడు సూర్యబింబముపై వేర్వేరు దారులలో పోవును. మన పూర్వులు లంబనమనిన భేదమిదియే. ఆ భేదమునుండి దూరమును రాబట్టవచ్చును. ఇందులోను భూభ్రమణము ప్రవేశించును. సంక్రమణము మొదలునుండి తుదివరకు సుమారు నాలుగున్నర గంటలు. ఆ లోపల విశాఖలోని పరిశీలకుడు కుర్చీ కదలకుండగనే ఏడువేల కిలోమీటర్లకు పైగా తూర్పునకు మోయబడును. శుక్రుడు పడమటికి, పరిశీలకుడు తూర్పునకు పోవుటచే పగటివేళ చూచువానికి సంక్రమణము కొన్ని నిమిషములు త్వరగా ముగియును. అదియుగాక శుక్రుని అంచు విడిచిన వార్త మనకు రెండు నిమిషములకు పైగా ఆలస్యముగ అందును. వీనినన్నిటిని సవరించిన పిమ్మటనే కాలములకు అర్థము. నరసింగరావుగారు తాము గుర్తించిన విషయములను లండను రాయల్ అస్ట్రనామికల్ సొసైటీవారికి పంపగా, వారు తమ మాసపత్రికలో ప్రకటించిరి.

నిజము చెప్పవలెనన్న, 1874 నాటి సంక్రమణము ప్రపంచ విద్వాంసులకు ఆశించినంత ఫలమీయలేదు. శుక్రుడు సూర్యుని అంచును తాకు వేళ సిరాబొట్టువలె సాగి అంటుకొని కనబడుటచే, ప్రక్కప్రక్కన నిలిచిన ఇద్దరు కూడ వేర్వేరు కాలములు వ్రాసికొనిరి. ఈలోపల మరియొక దారి తెరచుకొనెను. ఫ్రాన్సులో ఫూకో 1862లో తిరుగు అద్దముతో గదిలోనే వెలుగు వేగమును కొలిచెను. వెలుగు వేగము తెలిసి, నక్షత్రముల ఓర తెలిసినచో భూమి వేగము తెలియును. భూమి వేగమునుండి కక్ష్య చుట్టుకొలత, దానినుండి సూర్యుని దూరము వచ్చును. నక్షత్రమును కొలుచుటలో దోషముగ పుట్టినదే సూర్యుని కొలుచుటకు కొలబద్ద యయ్యెను. అంతకుముందు ఎన్‌కె అను జర్మను గణకుడు నిర్ణయించిన సూర్యలంబనము 8.57 వికళలు, అసలు విలువ 8.79. చూచుటకు స్వల్పమే గాని, నూరవ వంతు వికళకు సూర్యుడు లక్షా డెబ్బదివేల కిలోమీటర్లు జరుగును.

అంతకు పూర్వము 1868 ఆగస్టు 18న మన తెలుగు సీమమీదుగానే సంపూర్ణ సూర్యగ్రహణము సాగిపోయినది. ఫ్రెంచి విద్వాంసుడు జాన్సెను గుంటూరునందును, చెన్నపట్టణపు పాగ్సను మచిలీపట్టణమందును విడిదిచేసి వర్ణమాలాదర్శినితో సూర్యుని అంచును పరీక్షించిరి. ఆ సాధనముతోనే అనంతరము సూర్యుని భ్రమణము కూడ పట్టుబడినది. బింబపు ఒక అంచు మనవైపునకు, రెండవది దూరమునకు సెకనుకు రెండేసి కిలోమీటర్లు తిరుగుటచే వర్ణమాలలోని గీతలు ఒకచోట నీలమువైపు, ఒకచోట ఎరుపువైపు జరుగును.

నరసింగరావుగారి కాలమున తెలియని సంగతి మరియొకటి కలదు. 1887లో అమెరికాలో మైకెల్సను, మోర్లీ అనువారు భూమి కక్ష్యావేగమును గదిలోని వెలుగు ప్రయోగముచే పట్టజూచి విఫలులైరి. కాని భ్రమణము పట్టుబడును. ఆ మైకెల్సనే గేలు అను తోడివానితో కూడి 1925లో సుమారు 600 మీటర్ల పొడవు, 340 మీటర్ల వెడల్పు గల గొట్టముల చట్రమున వెలుగును రెండు దిశల త్రిప్పి, ఒకటి రెండవదానికంటె వెనుకబడుటనుబట్టి భూభ్రమణమును కనుగొనెను. విశాఖ రేవునకు వచ్చు ఓడలు ఇపుడు కొండమీది ధ్వజమును చూడవు. ఉపగ్రహముల సంకేతములతో తమ చోటు తెలిసికొనును. సంకేతము దిగివచ్చులోపల భూమి తిరుగుటను ఆ లెక్కలో సవరింపనిచో పదుల మీటర్ల తప్పు వచ్చును. జగ్గారావుగారి కొండయు అదియే, కాలముతో స్థలమును కొలుచు పనియు అదియే.

నరసింగరావుగారు బుధ సంక్రమణమును కూడ పరిశీలించిరి. పై సొసైటీలో సభ్యులుగ ఎన్నుకొనబడిరి. ఎండ, వాన, గాలి ఒత్తిడుల లెక్కలను ఏండ్ల తరబడి తప్పక వ్రాయించి ప్రకటించిరి. గ్రహణము చూచుటకు ఉత్సాహమున్న చాలును. ప్రతిదినము అదే వేళకు వానమాపకము చూచి అంకె వేయుటకు వేరొక గుణము కావలెను. వారి కీర్తిలో ఈ భాగమును పెక్కురు తలపరు.

1892 జూన్ 18న వారు స్వర్గస్థులైరి. వేధశాలను వారి కుటుంబమువారు పిమ్మట కొంతకాలము నడపిరి.