డేమియను ఫాదిరి చరిత్రము

మతమును వాదములచే స్థాపింపఁ బూనువారు పెక్కండ్రు. తమ దేహమునే యర్పించి దానిని దెలుపువారు కొందఱు. అట్టివారిలో నొక్కరైన డేమియను ఫాదిరి చరిత్రమును మేమిచట సంగ్రహముగాఁ జెప్పుచున్నాము.

ఈయన 1840వ సంవత్సరము జనవరి 3వ తేదీని బెల్జియము దేశమందలి ట్రెమెలో గ్రామమున నొక వ్యవసాయ కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులిడిన పేరు జోసెఫు. ఈయన యన్న రోమను కతోలిక సన్న్యాసియై హవాయి ద్వీపములకుఁ బోవ నుద్యుక్తుఁడై యుండఁగా వ్యాధిగ్రస్తుఁడయ్యెను. అతని స్థానమునఁ దాఁ బోవుటకుఁ దమ్ముఁడు పెద్దల యనుజ్ఞ వేఁడి పొంది, 1864వ సంవత్సరము మార్చి 19వ తేదీని హొనొలూలు చేరి, యా యేఁటనే గురుపట్టము నొందెను.

ఆ రాజ్యమునఁ గుష్ఠము ప్రబలుటచే 1865వ సంవత్సరమున నొక శాసనము పుట్టెను. దాని ననుసరించి రోగులను మొలొకాయి ద్వీపమునకుఁ బంపుచుండిరి. అచట మూఁడు దిక్కుల సముద్రము, నాలవ దిక్కున నిట్టనిలువు కొండ. ఆరోగ్యవంతులను రక్షించుట శాసనధర్మమే. కాని యాలుబిడ్డలను బాసి యచటఁ బడియున్నవారి యెడల మనకుఁగల ధర్మమెద్ది? ఈ ప్రశ్నకు శాసనమునందుఁ బ్రత్యుత్తరము లేదు.

బిషప్పు ఫాదిరులను వంతులవారిగాఁ బంపఁ దలఁచెను. డేమియను 1873వ సంవత్సరము మే 10వ తేదీని మొదట వెళ్లి, యచటనే నిలిచిపోయెను. ఆయన చేసిన పని యెట్టిదనిన: పుండ్లు కడిగి కట్టు కట్టెను, ఇండ్లు నిర్మించెను, గొట్టములచే మంచినీరు తెప్పించెను, శవపేటికలు చేసి గోతులు త్రవ్వెను, రోగులతోఁ గలసి భుజించెను. మొండివాఁడని పైయధికారులు విసిగికొనుటయుఁ గలదు. ఆ మొండితనమే లేకున్న రోగులకుఁ గలపయు మేకులును దొరకియుండవని మా యభిప్రాయము.

1884వ సంవత్సరమున వేఁడినీరు పాదమున కంటినను నొప్పి తెలియకపోవుటచేఁ దనకును రోగము సోఁకెనని గ్రహించెను. అయినను బని మానలేదు. 1889వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీని, 49వ యేఁట, రోగుల నడుమనే దేహము చాలించెను.

అటుపిమ్మట హొనొలూలు నందలి యొక ప్రొటెస్టంటు బోధకుఁడు ఆయన శీలమును నిందించెను. దానిని 1890వ సంవత్సరమునఁ దీవ్రముగా ఖండించినవాఁడు స్టీవెన్‌సను అను గ్రంథకర్త; అతఁడును బ్రొటెస్టంటు కుటుంబమునఁ బుట్టినవాఁడే. సద్గుణమును గుర్తించుటకు శాఖాభేద మడ్డురాదని యిందువలనఁ దెలియుచున్నది.

డేమియను మొలొకాయి చేరిన 1873వ సంవత్సరముననే నార్వే వైద్యుఁడు హాన్సెను కుష్ఠమునకుఁ గారణమైన సూక్ష్మజీవిని గనుఁగొనెను. నేఁ డీ రోగమునకుఁ దగిన యౌషధములు గలవు. హవాయి యందలి నిర్బంధ శాసనమును 1969వ సంవత్సరమున రద్దుచేసిరి. 2009వ సంవత్సరమున రోమను సభ డేమియనును బునీతునిగాఁ బ్రకటించెను. రోగిని సేవించుటకు నేఁడు ప్రాణత్యాగ మక్కఱలేదు. అయినను రోగిని జూచి తొలఁగిపోవువా రింకను గలరు. చదువరులు తమ యింటి వాకిట నట్టివాఁడు నిలిచినప్పు డీ చరిత్రమును స్మరింతురుగాక.