లీ తై యంగ్

ఇంట్లో తండ్రి చనిపోతే కుటుంబానికి పెద్ద ఎవరు? తల్లి అని మీరంటారు. కాని కొరియా దేశంలో చట్టం చాలాకాలం ఆ మాట ఒప్పుకోలేదు. కొడుకు పాలుతాగే పసివాడైనా సరే, అతడే ఇంటి యజమాని. తల్లి పేరు అతని పేరు కిందనే నమోదయ్యేది. దీనిని 'హోజు' పద్ధతి అనేవారు. దీనిపై జీవితమంతా పోరాడిన వనిత లీ తై యంగ్.

ఆమె 1914లో, నేటి ఉత్తర కొరియాలోని ఉన్సాన్‌లో జన్మించింది. చిన్నతనంలోనే తండ్రి మరణించగా తల్లే పెంచి చదివించింది. అప్పుడు కొరియా జపాను పాలనలో ఉంది. భర్త చుంగ్ ఇల్ హ్యుంగ్‌ను జపాను ప్రభుత్వం చెరసాలలో పెట్టినప్పుడు ఆమె బొంతలు కుట్టి, అమ్మి సంసారం నడిపింది.

1945లో జపాను పాలన ముగిసింది. మరుసటి ఏడాది, ముప్పై రెండేళ్ల వయసులో, పిల్లల తల్లి అయిన ఆమె సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవడానికి చేరింది. ఆ వయసులో ఆ సాహసం సామాన్యమైనది కాదు. 1952లో న్యాయ పరీక్షలో నెగ్గి, కొరియాలో తొలి మహిళా న్యాయవాది అయింది. ఆమెకు న్యాయమూర్తి కావాలని ఉండేది. అయితే భర్త ప్రతిపక్షంలో ఉండడం వల్ల అధ్యక్షుడు సింగ్మన్ రీ అందుకు సమ్మతించలేదు. ఒక విధంగా అది మంచికే వచ్చింది. న్యాయపీఠం దక్కనందుననే ఆమె పేద స్త్రీల నడుమకు చేరింది.

1956లో ఆమె స్త్రీలకు న్యాయసలహాలిచ్చే కేంద్రాన్ని స్థాపించింది. భర్త వదిలేసినవారు, ఆస్తిలో భాగం దక్కనివారు, బిడ్డలకు దూరమైనవారు అక్కడికి వచ్చేవారు. విడాకులైతే బిడ్డలు తండ్రికే చెందుతారని నాటి చట్టం. ఇటువంటి చట్టం మారనిదే ఎన్ని కేసులు గెలిచినా ఈ కన్నీళ్లు ఆగవని ఆమె గ్రహించింది. ఈ సేవకు 1975లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

అంతలో దేశంలో నిరంకుశత్వం ముదిరింది. 1972లో పార్క్ చుంగ్ హీ సర్వాధికారాలు తనకే దక్కేటట్లు రాజ్యాంగాన్ని మార్చాడు. ఆ రాజ్యాంగాన్ని విమర్శించడమే నేరమైంది. ఇంట్లో కోడలికి నోరు లేనట్లే దేశంలో పౌరునికీ నోరు లేకపోయింది. ఈ రెండూ వేరువేరు పోరాటాలు కావని ఆమెకు తోచింది. 1976 మార్చి 1న సియోల్‌లోని మియాంగ్‌డాంగ్ చర్చిలో వెలువడిన ప్రజాస్వామ్య ప్రకటనలో కిమ్ డే జంగ్ వంటి నాయకులతో పాటు ఆమె, ఆమె భర్త పాలుపంచుకున్నారు. ఫలితంగా ఆమెకు శిక్ష పడింది, న్యాయవాద పట్టా పోయింది. కోర్టులో వాదించే వీలు లేకపోయినా ఆమె కేంద్రాన్ని మాత్రం విడువలేదు.

1977లో కుటుంబ చట్టం కొంత మారింది. 1989 సవరణతో విడాకులైన తల్లికి బిడ్డలపై హక్కు, కూతుళ్లకు ఆస్తిలో సమానభాగం వచ్చాయి. హోజు మాత్రం మిగిలిపోయింది. అది పోవడం చూడకుండానే 1998లో ఆమె కన్నుమూసింది. 2005లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ పద్ధతి చెల్లదని తీర్పు చెప్పింది. 2008 నుండి కొరియాలో ప్రతి మనిషి పేరూ విడిగానే నమోదవుతోంది.