గుడ్ ఫ్రైడే నాటి ఖైదీ

గుడ్ ఫ్రైడే రోజున మన కోనసీమ వీధుల్లో సిలువ భుజానికెత్తుకుని పాటలు పాడుతూ సాగిపోతుంటాం. ఆ స్వేచ్ఛకు మన రాజ్యాంగంలోని 19, 25 అధికరణాలు అండగా ఉన్నాయి. 1963లో అదే పర్వదినాన, ఏప్రిల్ 12న, అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో శాంతియుతంగా వీధిలో నడిచినందుకు ఒక దైవసేవకుణ్ణి చెరసాలలో వేశారు. ఆయనే మార్టిన్ లూథర్ కింగ్.

1929లో అట్లాంటాలో పాస్టరు ఇంట పుట్టిన కింగ్, తానూ పాస్టరై నల్లజాతి వారి హక్కుల కోసం పోరాడారు. 1956లో తన ఇంటిపై బాంబు పడినప్పుడు, ఆగ్రహంతో వచ్చిన తనవారిని శాంతపరచి పంపేశారు. 1959లో మన దేశానికి వచ్చి నెల రోజులు తిరిగారు. కేరళలో దళిత పిల్లల బడిలో తననూ అంటరానివాడిగానే పరిచయం చేస్తే మొదట నొచ్చుకున్నారు, ఆనక అది నిజమేనని ఒప్పుకున్నారు. మన పేటల్లో పుట్టినవారికి ఇది వివరించనక్కర్లేదు.

బర్మింగ్‌హామ్‌లో ఊరేగింపుకు నగర అధికారులు అనుమతి ఇవ్వలేదు. కోర్టూ వద్దంది. అయినా నడిచారు. తొందరపాటని తప్పుపట్టింది ఎవరో కాదు, 8 మంది మతపెద్దలే! జైల్లో వార్తాపత్రిక అంచుల మీదే ఆయన వారికి జవాబు రాయడం మొదలుపెట్టారు. కోర్టు ఆజ్ఞ మీరినందుకు పడిన శిక్షను 1967లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఖాయం చేయగా మళ్లీ జైలుకెళ్లారు. 1968 ఏప్రిల్ 4న తుపాకి గుండుకు బలయ్యారు.

అనుమతి ఇవ్వడం, మానడం అధికారుల ఇష్టానికే వదిలేసిన ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని అదే సుప్రీంకోర్టు 1969 మార్చి 10న తేల్చింది. ఆనాటి ఊరేగింపులో కింగ్‌తోపాటు నడిచిన పాస్టరు షటిల్స్‌వర్త్ కేసులో వచ్చిన తీర్పది. వినడానికి కింగ్ లేరు.