ఎద్దు కడుపులో ఛాయాగ్రాహకుడు – చెర్రీ కియర్టన్ జీవితము

మన రైల్వే క్వార్టర్లలో ఈనాడు ఫోటోలు తీయని వారు లేరు. సెల్ ఫోను చేతికి వచ్చిన ప్రతి కుర్రవాడును ఛాయాగ్రాహకుడే. సీమంతము, అన్నప్రాసన, ఉగాది పచ్చడి, అన్నిటికీ ఫోటోలే. కాని ఎదుటి గోడ మీద వాలిన పిట్టను తీయమని వారిని అడిగి చూడండి. మనిషి నిలవమంటే నిలుస్తాడు, నవ్వమంటే నవ్వుతాడు. పిట్ట మన మాట వినదు. గత శీతాకాలంలో ఒక ఆదివారం మేమును ఈ పనికి పూనుకొన్నాము. ఖుర్దారోడ్డుకు దక్షిణంగా, చిలికా ఉత్తరపు ఒడ్డున ఉన్న మంగలజోడికి వెళ్ళి, ఒక మిత్రుని వద్ద అరువు తెచ్చిన కెమెరాతో నాలుగు గంటలు పడవలో కూర్చున్నాము. తెచ్చిన బొమ్మలలో ముప్పాతిక మువ్వీసం నీళ్ళే. తక్కినవి ఎగిరిపోతున్న కొంగల కాళ్ళు. మా పడవవాడు మాత్రం పక్షి ఏ క్షణాన లేచునో ముందుగానే చెప్పగలిగినాడు. ఆ ఊరివారు ఒకప్పుడు పక్షుల వేటకు పేరుపడ్డవారు. 2000 సంవత్సరం ప్రాంతం నుండి అదే నేర్పును పక్షుల కాపలాకు వినియోగిస్తున్నారు.

ఇంత కష్టమైన పనికి మొదట ఎవరు దిగి ఉంటారని ఆలోచన పుట్టి, కొంత చదివినాము. ఇంగ్లాండు దేశపు చెర్రీ కియర్టన్ గారి పేరు అక్కడ మాకు తగిలినది. ఆయన కథ మన సంఘంలోని వారికి రుచించునని మా నమ్మకం. ఎందుకనగా ఆయనయు మనవలెనే పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచిన కుటుంబంలోని వాడే, గుమాస్తాయే, సెలవు దినమున మాత్రమే తన ఇష్టమైన పని చేసికొన్నవాడే.

యార్క్‌షైరు కొండలలో స్వేల్‌డేల్ అను లోయ గలదు. రాతి గోడలు, గొర్రెల మందలు, గాలి తప్ప అక్కడ వేరు సంపద లేదు. ఆ లోయలోని త్వెయిట్ అను చిన్న పల్లెలో 1871వ సంవత్సరం జూలై 8న చెర్రీ జన్మించినారు. అన్నగారు రిచర్డు అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1862 జనవరిలో పుట్టినారు. తండ్రిది గొర్రెల పెంపకం. రిచర్డు పసితనంలో పక్షి గూళ్ళ కోసం తిరుగుతూ పడి తుంటికి దెబ్బ తగిలించుకొన్నారు. ఆ కుంటితనం జీవితాంతం ఆయనను విడువలేదు. అయినను పక్షుల పిచ్చి కూడా విడువలేదు.

ఆ పిచ్చియే అన్నదమ్ములకు అన్నం పెట్టినది. 1882లో లండను నుండి కాసెల్ అను పుస్తక ప్రచురణ సంస్థకు చెందిన గాల్పిన్ అను పెద్దమనిషి ఆ కొండలకు వేటకు వచ్చినారు. కుంటి కుర్రవాడు గ్రౌస్ అను కొండకోడి కూతను అచ్చు అట్లే కూసి పక్షులను దగ్గరకు రప్పించుట చూచి ముచ్చటపడి, లండనులో ఉద్యోగం ఇచ్చినారు. పిట్టకూతతో ఉద్యోగం సంపాదించిన మనిషిని మేము మరొకరిని ఎరుగము. కొన్నేళ్ళకు తమ్ముడును అన్న వెంట అదే ఆఫీసులో చేరినారు. మన పెద్దలు బి.ఎన్.ఆర్. కంపెనీ రోజులలో శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుండి ఒకరి వెనుక ఒకరు వచ్చి ఈ లైనులో కుదిరినది ఇట్లే గదా.

1892 ఏప్రిల్ 10వ తేదీ, ఆదివారము. లండనుకు ఉత్తరంగా ఎల్‌స్ట్రీ సమీపాన అన్నదమ్ములు షికారు పోయినారు. థ్రష్ అను పాటల పిట్ట గూడు ఒకటి, గ్రుడ్లతో సహా, పొదలో కనబడినది. చెర్రీ తన కెమెరాతో దానిని తీసినారు. ఆ ఒక్క బొమ్మతో ఇద్దరి జీవితములు మారిపోయినవి. అంతవరకు పక్షుల పుస్తకాలలో చిత్రకారులు గీసిన బొమ్మలే ఉండేవి. చిత్రకారునికి నమూనాగా సాధారణంగా చంపి తెచ్చిన పక్షి ఉండేది. గ్రుడ్లు కావలసినవారు గూటి నుండి ఎత్తుకొనిపోయి పెట్టెలలో దాచుకొనేవారు. గూడు ఉన్నచోటనే, గ్రుడ్లు గూటిలోనే ఉండగా పుస్తకానికి బొమ్మ దొరకగలదని రిచర్డుకు ఆనాడు తట్టినది. మూడేళ్ళు సెలవు దినములన్నియు దీనికే ధారపోసి, 1895లో బ్రిటిషు పక్షుల గూళ్ళను గూర్చి పుస్తకం వెలువరించినారు. వ్రాత అన్నది, ఫోటోలు తమ్మునివి. మొదటి నుండి చివరి వరకు ఛాయాచిత్రములతోనే వెలువడిన తొలి ప్రకృతి గ్రంథం అదేనని చెప్పుదురు.

ఆనాటి కెమెరా ఎట్టిదో ఊహించవలెను. చెక్క పెట్టె, తోలు తిత్తి, మూడుకాళ్ళ పీట, నల్లగుడ్డ, ఇవి గాక గాజు పలకల మూట. ఒక పలకకు ఒకే బొమ్మ. పలకకు వెలుగు చాలకపోతే బొమ్మ రాదు, మూత ఎక్కువసేపు తెరచి ఉంచితే కదిలిన పిట్ట మసకయగును. దూరం నుండి దగ్గరగా చూపించే నేటి పొడవాటి కటకములు లేవు. కనుక పక్షికి బారెడు, రెండు బారల దూరంలోనికి పోక తప్పదు. ఎత్తయిన పొదలోని గూటి కొరకు మూడుకాళ్ళ పీటను పైకి సాగదీసి, అన్న భుజముల మీద తమ్ముడు నిలిచి తీసిన సందర్భమొకటి గలదు. కుంటికాలి అన్న అడుగున, తమ్ముడు పైన. ఆ ఫోటో ఇప్పటికిని దొరుకుచున్నది. మేము దానిని చాలాసేపు చూచినాము.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. రెండేళ్ళ క్రిందట మా పెరటి మందారచెట్టులో పిగిలిపిట్ట గూడు కట్టి మూడు గ్రుడ్లు పెట్టినది. మా అమ్మాయి రోజూ దూరం నుండి చూచి వచ్చేది. బొమ్మ బాగా రావలెనని మేము అడ్డమున్న నాలుగు కొమ్మలను విరిచి, వెలుతురు తెప్పించి, ఫోను దగ్గరగా పెట్టి తీసినాము. బొమ్మ బాగుగానే వచ్చినది. మరునాటి ఉదయానికి గూడు ఖాళీ. ఆకుల చాటు పోయినందున కాకికి దారి దొరికినది. అమ్మాయి నాలుగు రోజులు మాతో మాటలాడలేదు. ఆ బొమ్మను మేము ఎవరికిని చూపలేదు. పక్షి ఫోటోలోని అసలు చిక్కు ఇదేనని మాకు అప్పుడు తెలిసినది. పిట్టకు దగ్గరగా పోవలె, పోయినట్లు దానికి తెలియరాదు, పోయినందువలన దాని సంసారం చెడరాదు.

కియర్టన్ సోదరులకు ఈ చిక్కు తెలియును గనుకనే నానావేషములు కనిపెట్టినారు. పొదను మార్చుటకు బదులు తామే మారినారు. చెట్టు మొద్దును పోలిన గుల్లబోదె చేసి అందులో దూరినారు. బండరాయి వంటి డేరా కట్టినారు. తోలు నింపిన గొర్రెలో కెమెరాను దాచి, దూరం నుండి పొడవాటి గొట్టంతో గాలి ఊది మీట నొక్కినారు. అన్నిటిలోను పేరు పొందినది 1900లో చేయించిన ఎద్దు. చచ్చిన ఎద్దు తోలును తేలికపాటి చట్రం మీద బిగించి, లోపల మనిషి నిలుచుటకు చోటుంచి, తోలుకు చేసిన కన్నం గుండా కటకం బయటకు చూచునట్లు అమర్చినారు. పొలంలో ఎద్దు నిలుచుట వింత గాదు గనుక పిట్ట బెదరదు. లోపలి మనిషి గతి మాత్రం వేరు. వంగిన నడుముతో, గాలి ఆడని తోలులో, గంటల కొలది కదలకుండ ఉండవలెను. ఒకనాడు లోపలి మనిషి సొమ్మసిల్లిపోగా ఎద్దు నాలుగు కాళ్ళు ఆకాశానికి ఎత్తి వెల్లకిల పడినది. సోదరుడు వచ్చి బయటకు తీసేవరకు అందులోనే ఉన్నారు. తలక్రిందులైన ఆ ఎద్దుకు కూడా ఫోటో తీసినారు! నవ్వు వచ్చును గాని, ఊపిరాడక ప్రాణం పోయి ఉంటే అడిగే దిక్కు లేదు.

అంతకు ముందు 1896లో సోదరులు స్కాట్లండు పడమటి సముద్రంలోని సెయింట్ కిల్డా దీవికి పోయినారు. ఆ దీవిలోని వారు కొండచరియలలో గూళ్ళు పెట్టే సముద్రపక్షులను పట్టి తిని బ్రతికేవారు. మాంసం, నూనె, ఈకలు, సమస్తం పక్షుల నుండియే. తాళ్ళు కట్టుకొని చరియల మీద దిగుటలో వారిని మించినవారు లేరు. చెర్రీయు తాళ్ళ మీద వ్రేలాడుతూ బొమ్మలు తీసినారు. ఒక చేత తాడు, ఒక చేత కెమెరా, క్రింద సముద్రం. 1930లో ఆ దీవిజనం ముప్ఫైఆరుగురును ఊరు ఖాళీ చేసి పెద్ద భూమికి తరలిపోయినారు. ఆ పాత జీవితం కొంతవరకు ఈ సోదరుల బొమ్మలలో నిలిచినది.

1900లోనే చెర్రీ మైనపు సిలిండరు మీద నైటింగేలు పక్షి పాటను పట్టినారు. అన్నగారు తరువాత ఉపన్యాసములకు దిగి, మేజిక్ లాంతరు మీద బొమ్మలు చూపుతూ ఊరూరు తిరిగినారు. తమ్ముడు కదిలే బొమ్మల వైపు మళ్ళి ఆఫ్రికా చేరినారు. 1909లో అక్కడ అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టును సినిమా తీసినారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో సైనికుడై పోరాడినారు. 1922లో దక్షిణాఫ్రికా గాయని ఏడా ఫారెస్టును వివాహమాడినారు. ఈ సింహముల కథలు అనేకం గలవు గాని మాకు పక్షులే ముఖ్యం.

ఆ పక్షులు మరల ఆయనను పిలిచినవి. దక్షిణాఫ్రికా తీరాన డాసెన్ అను చిన్న దీవిలో భార్యతో కాపురముండి, లక్షల కొలది పెంగ్విన్ల నడుమ తిరిగి, ఫోటోలును సినిమాయును తీసి, 1930లో పెంగ్విన్ల దీవి మీద పుస్తకం వెలువరించినారు. ఇక్కడ ఎద్దు తోలు అక్కరలేకపోయినది. ఆ పక్షులు మనిషిని చూచి పారిపోవు. తరువాతి కాలంలో జంతు ప్రపంచమును టెలివిజనులో చూపి పేరుపొందిన డేవిడ్ ఆటెన్‌బరో గారు చిన్ననాట కియర్టన్ పెంగ్విన్ల సినిమా చూచి ఉప్పొంగినవారే. ఆ ఆఫ్రికా పెంగ్విన్లు చేపలు దొరకక తరిగిపోయి, 2024లో అంతరించిపోయే ప్రమాదపు కడపటి మెట్టుకు చేరినవిగా ప్రకటింపబడినవి.

అన్నగారు 1928 ఫిబ్రవరిలో మరణించినారు. తమ్ముడు మరి పన్నెండేళ్ళు జీవించినారు. 1940 సెప్టెంబరు 27, లండను మీద జర్మను బాంబులు పడుచున్న రోజులు. చెర్రీ బి.బి.సి. భవనమునకు వెళ్ళి, రేడియోలో పిల్లల కార్యక్రమంలో ప్రసంగం ముగించినారు. ఆ వెనుకనే కుప్పకూలి కన్ను మూసినారు. అప్పటికి ఆయనకు అరువది తొమ్మిది ఏళ్ళు. వారు చదివిన మ్యూకర్ గ్రామపు పాత బడి గోడ మీద అన్నకు ఒకటి, తమ్మునికి ఒకటి, రెండు స్మారక ఫలకములు ప్రక్కప్రక్కనే ఉన్నవి.